ట్రిగ్గర్ నొక్కినా పేలని పాత పిస్టల్: లోపం ఎక్కడుంటుంది?

దీపావళి రాత్రి వెలిగించిన టపాసు పేలకుండా తుస్సుమంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒకే మాట అంటారు: "దగ్గరికి పోకు!" సిరిసిల్ల నేతన్నల వీధిలోనైనా, సూరత్ నవాగామ్‌లో మరమగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాల మధ్యనైనా ఈ హెచ్చరిక మారదు. ఆరిపోయిందనుకున్న వత్తి లోపల ఇంకా కాలుతూ ఉండవచ్చు. పేలని తుపాకీ విషయంలోనూ ఇదే జాగ్రత్త పనికొస్తుంది. తాతల కాలం నుంచి లైసెన్సుతో వస్తున్న పాత సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఒక్కోసారి "టిక్" మని ఊరుకుంటుంది. అలా ఎందుకు జరుగుతుంది? అందులో ఉన్న ప్రమాదం ఏమిటి?

వానలో తడిసిన మందు

పేలని తుపాకీ సమస్య తుపాకీ పుట్టినప్పటి నుంచీ ఉంది. 1757 జూన్ 23న ప్లాసీ యుద్ధం మధ్యలో వాన కురిసింది. ఈస్టిండియా కంపెనీ సైన్యం తన మందుగుండును టార్పాలిన్లతో కప్పుకుంది. నవాబు సైన్యం మందు తడిసిపోయి, వారి ఫిరంగులు చాలావరకు మూగబోయాయి.

1807లో స్కాట్లాండ్‌కు చెందిన అలెగ్జాండర్ ఫోర్సైత్ దెబ్బ తగిలితే మండే రసాయనంతో తుపాకీ పేల్చే పద్ధతికి పేటెంట్ పొందాడు. దాంతో చెకుముకి రాయి అవసరం తప్పింది. కానీ సమస్య పూర్తిగా పోలేదు. 1835 జనవరి 30న వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌పై ఒక వ్యక్తి రెండు పిస్టళ్లు గురిపెట్టాడు. రెండింటిలోనూ పైనున్న క్యాప్ పేలింది గానీ లోపలి మందు అంటుకోలేదు. ఆ రోజు గాలిలోని తేమే కారణమై ఉండవచ్చని చాలామంది భావించారు.

ఒక గొలుసు, కొన్ని లంకెలు

నేటి తూటా ఇత్తడి గొట్టంలో బిగించిన చిన్న యంత్రం లాంటిది. ముందు సీసపు గుండు, మధ్యలో మందు, అడుగున ప్రైమర్ అనే చిన్న లోహపు గిన్నె ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగ్‌లో దాగిన స్థితిజశక్తి విడుదలవుతుంది. హ్యామర్ వెళ్లి ఫైరింగ్ పిన్‌ను కొడుతుంది. పిన్ మొన ప్రైమర్‌ను నొక్కుతుంది. ఆ ఒత్తిడికి ప్రైమర్‌లోని రసాయనం భగ్గుమంటుంది. ఆ మంట సన్నని రంధ్రం గుండా వెళ్లి మందును అంటిస్తుంది. ఇదంతా సెకనులో అతి స్వల్ప భాగంలో ముగుస్తుంది. ఇందులో ఏ ఒక్క లంకె తెగినా పేలుడు ఉండదు.

ప్రైమర్‌ను అంటించడానికి కావలసిన శక్తి ఆశ్చర్యపోయేంత తక్కువ. 50 గ్రాముల నిమ్మకాయ అడుగు ఎత్తు నుంచి పడితే దాదాపు 0.15 జౌళ్ల శక్తి వస్తుంది. ప్రైమర్‌కు కావలసింది ఇంచుమించు ఆ స్థాయి శక్తే. అయితే నిమ్మకాయ శక్తి వెడల్పుగా పరుచుకుంటుంది. పిన్ శక్తి ఒకటి రెండు మిల్లీమీటర్ల మొన మీద కేంద్రీకృతమవుతుంది. ప్రైమర్ల నాణ్యత పరీక్షలోనూ ఇదే సూత్రం: నిర్ణీత బరువున్న ఉక్కు బంతిని వేర్వేరు ఎత్తుల నుంచి వదిలి, ఏ ఎత్తులో అన్నీ పేలుతున్నాయో చూస్తారు.

పాత పిస్టల్‌లో శక్తి ఎక్కడ పోతుంది?

1908లో వచ్చిన వెబ్లీ అండ్ స్కాట్ వంటి పాత .32 బోర్ పిస్టళ్లు మన దేశంలో ఇప్పటికీ కొందరు లైసెన్సుదారుల దగ్గర కనిపిస్తాయి. వీటిలో మొదట అనుమానించేది స్ప్రింగ్‌నే. వేలసార్లు ముడుచుకుని విచ్చుకున్న స్ప్రింగ్ కొద్దిగా పొట్టిబడి బలం కోల్పోతుంది. తుప్పు పడితే మరింత త్వరగా పాడవుతుంది.

రెండోది గ్రీజు. పిన్ కదిలే సన్నని దారిలో ఏళ్ల తరబడి నూనె, దుమ్ము కలిసి జిగురులా గట్టిపడతాయి. ఇక్కడ ఒక చిన్న లెక్క చూద్దాం. గతిజశక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే ఆ జిగురు పిన్ వేగాన్ని 30 శాతం తగ్గిస్తే, మిగిలే శక్తి 70 శాతం కాదు, 0.7 × 0.7, అంటే 49 శాతమే. కంటికి కనిపించని మురికి సగం దెబ్బను మింగేస్తుంది.

మూడోది స్లయిడ్ పూర్తిగా మూసుకోకపోవడం. అప్పుడు హ్యామర్ శక్తిలో కొంత స్లయిడ్‌ను ముందుకు నెట్టడానికే ఖర్చవుతుంది. ప్రైమర్ తన గూటిలో సరిగా కూర్చోకపోయినా ఇంతే: మొదటి దెబ్బ దాన్ని లోపలికి నెట్టడంలోనే పోతుంది.

తూటా కూడా ముసలిదవుతుంది

చాలాసార్లు తప్పు పిస్టల్‌ది కాదు, తూటాది. ప్రైమర్‌లో మొదట పాదరసపు ఫల్మినేట్, ఆ తర్వాత పొటాషియం క్లోరేట్ మిశ్రమాలు వాడారు. ఫల్మినేట్ కాలంతోపాటు బలహీనపడుతుంది. క్లోరేట్ మండాక మిగిలే లవణం గాలిలోని తేమను పీల్చుకుని బారెల్‌ను తుప్పు పట్టిస్తుంది. తాపీ ఒడ్డున, సముద్రానికి దగ్గరగా ఉన్న సూరత్ వంటి చోట వానాకాలపు తేమలో ఇది పెద్ద సమస్యే. ఇప్పటి ప్రైమర్లలో ఎక్కువగా లెడ్ స్టిఫ్నేట్ ఉంటుంది.

మందులోని నైట్రోసెల్యులోజ్ కూడా నెమ్మదిగా విచ్ఛిన్నమవుతుంది. దీన్ని అదుపు చేయడానికి డైఫినైలమీన్ వంటి స్థిరీకారకాలు కలుపుతారు. వేడి పెరిగేకొద్దీ అవి త్వరగా ఖర్చయిపోతాయి. రేకుల కప్పు కింద బీరువాలో దాచిన తూటాలకు ఇది మంచిది కాదు. తూటాల మీద నూనె రాయడం మరో పొరపాటు. పలుచని నూనె అంచుల గుండా లోపలికి ఇంకి ప్రైమర్‌ను చంపేస్తుంది.

గుర్తు చెప్పే కథ

పేలని తూటా అడుగుభాగాన్ని చూసి నిపుణులు కారణం ఊహిస్తారు. పిన్ గుర్తు నిస్సారంగా ఉంటే దెబ్బ బలహీనం. గుర్తు లోతుగా ఉన్నా పేలలేదంటే ప్రైమర్ పాడయినట్టు. గుర్తు పక్కకు జరిగి ఉంటే భాగాల అమరికలో తేడా. అసలు గుర్తే లేకపోతే పిన్ విరిగి ఉండవచ్చు, లేదా ఛాంబర్‌లోకి తూటా ఎక్కి ఉండకపోవచ్చు.

ఈ చివరిది ఎంత ముఖ్యమో 2022 సెప్టెంబర్ 1న ప్రపంచం చూసింది. అర్జెంటీనా ఉపాధ్యక్షురాలు క్రిస్టినా కిర్చ్‌నర్ ముఖానికి అంగుళాల దూరంలో ఒక వ్యక్తి .32 బోర్ బెర్సా పిస్టల్ ట్రిగ్గర్ నొక్కాడు. అది పేలలేదు. పరీక్షలో పిస్టల్ పనిచేసే స్థితిలోనే ఉందని తేలింది. తూటాలు మ్యాగజైన్‌లో ఉన్నాయి గానీ ఛాంబర్‌లో లేవు. సెమీ ఆటోమేటిక్‌లో స్లయిడ్‌ను వెనక్కి లాగి వదిలితేనే మొదటి తూటా ఛాంబర్‌లోకి వెళుతుంది.

అసలు ప్రమాదం

పేలకపోవడం కంటే ఆలస్యంగా పేలడం ప్రమాదకరం. తేమ తగిలిన మందు నెమ్మదిగా అంటుకుని కాసేపటికి పేలవచ్చు. దీన్ని "హ్యాంగ్ ఫైర్" అంటారు. అందుకే షూటింగ్ రేంజ్‌లలో తూటా పేలకపోతే పిస్టల్‌ను సురక్షిత దిశలోనే పట్టుకుని కనీసం 30 సెకన్లు ఆగమంటారు. గొట్టంలోకి తొంగి చూడటం ప్రాణాంతకం.

ఇంకొకటి "స్క్విబ్". ప్రైమర్ మాత్రమే పేలి, మందు సరిగా మండకపోతే శబ్దం తుస్సుమంటుంది. ఆ చిన్న ఒత్తిడికి గుండు బారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది. అది గమనించకుండా మళ్లీ కాలిస్తే, వెనక నుంచి వచ్చే గుండుకు దారి ఉండదు. బారెల్ ఉబ్బిపోతుంది లేదా చేతిలోనే పగులుతుంది. శబ్దం తేడాగా వినిపించిన క్షణమే ఆపేయడం ఒక్కటే మార్గం.

1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. కాబట్టి పాత పిస్టల్ మొరాయిస్తే ఇంట్లో విప్పి చూడకుండా, అధీకృత ఆయుధ డీలర్‌కు చూపించడం చట్టానికీ మంచిది, ప్రాణానికీ మంచిది. పాత తూటాలను చెత్తబుట్టలోనో, మంటలోనో వేయకూడదు. వాటిని ఏం చేయాలో పోలీసులనో, డీలర్‌నో అడగాలి. తుస్సుమన్న టపాసు దగ్గరికి పిల్లల్ని వెళ్లనివ్వం కదా! పేలని తూటాను కూడా ఎప్పుడూ బతికున్న తూటాగానే చూడాలి.