పదును

మానవుడు తన చేతికి తోడుగా కల్పించుకొన్న పనిముట్లలో కత్తి అతి ప్రాచీనమైనది. అరకులోయ పరిసర గ్రామాలలో వెదురు బొంగు చీల్చాలన్నా, వెదురు కొమ్ములు సన్నగా తరగాలన్నా, పనసకాయ కోయాలన్నా కత్తి ఉండవలసిందే. మన్యంలో కొలిమి పని కమ్మర తెగవారి సంప్రదాయ వృత్తి. ఈ తెగ ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో ఉంది. కమ్మరి ఉక్కును ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, నీటిలో ముంచి దానికి గట్టితనాన్ని ఇస్తాడు. ఆ తరువాత దాని పదును నిలుపుకోవడం వాడుకొనేవారి బాధ్యత.

పదునైన కత్తి ప్రమాదకరమని చాలామంది భావిస్తారు. నిజానికి మొద్దుబారిన కత్తి వల్లనే ప్రమాదం ఎక్కువ. దానిని బలంగా నొక్కవలసి వస్తుంది. అది కాయపై నుండి జారి వేలిని గాయపరుస్తుంది. పదునైన కత్తి కొద్దిపాటి ఒత్తిడితోనే తెగుతుంది కాబట్టి చేతి అదుపులో ఉంటుంది.

తనకన్నా గట్టి వస్తువుతో రాచినప్పుడే ఉక్కు అరుగుతుంది. తూర్పు కనుమలలో విస్తారంగా కనిపించే ఒక శిలకు ఖోండు గిరిజనుల పేరు మీదుగా ఖొండలైటు అని పేరు పెట్టారు. అందులోని ఎర్రని గార్నెట్ రేణువులు సాధారణ ఉక్కుకన్నా గట్టివి. అందుకే గార్నెట్ పొడిని గరుకు కాగితాల తయారీలో వాడతారు. అంగళ్ళలో దొరికే కార్బోరండం సానరాయి అంతకన్నా గట్టిది. దానికి ఒకవైపు గరుకుగా, రెండవవైపు నునుపుగా ఉంటుంది.

రాతిని నీటితో తడిపి, తడిగుడ్డపై కదలకుండా ఉంచాలి. కత్తిని ఇరవై డిగ్రీల వాలులో పట్టాలి. కాగితం మూలను సగానికి, మళ్ళీ సగానికి మడిస్తే ఇంచుమించు ఆ కోణం వస్తుంది. ముందుగా గరుకువైపున, పిడి దగ్గరి నుండి మొన వరకు, వాలు మారకుండా రాయాలి. అవతలి పక్కన సన్నని గరుకు ఏర్పడగానే కత్తిని తిప్పి రెండవ పక్కను రాయాలి. చివరకు నునుపువైపున తేలికగా రాస్తే ఆ గరుకు పోతుంది. కత్తిపీట విషయంలో పీట కదలకుండా నిలిపి రాతినే కదపాలి. వేళ్ళు అంచుకు తగలకుండా జాగ్రత్త వహించాలి. యంత్రపు సానపై అంచు నీలిరంగుకు మారేంత వేడెక్కితే ఉక్కు మెత్తబడుతుంది. అప్పుడు కమ్మరి ఇచ్చిన గట్టితనమే నశిస్తుంది.

చింతపండు, నిమ్మకాయల పులుపు ఇనుమును త్వరగా తుప్పు పట్టిస్తుంది. కాబట్టి వాడిన వెంటనే కత్తిని కడిగి, పొడిగా తుడిచి, కొద్దిగా వంటనూనె రాయాలి. కత్తిపీటను మడిచి పిల్లలకు అందనిచోట ఉంచాలి.

సాన పట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు అరిగిపోతుంది. అందువల్ల పూర్తిగా మొద్దుబారే వరకు ఆగకుండా, అప్పుడప్పుడు తేలికగా సాన పడితే కత్తి ఏళ్ళ తరబడి మన్నుతుంది. కొలిమి దగ్గర చెమటోడ్చిన కమ్మరి శ్రమను అలా గౌరవించినవారమవుతాము.