వాయిదాలకు గడువు

మా నాన్న తెనాలిలో ప్లీడరు గుమాస్తా. నేను కెనడాలో, బ్రాంప్టన్‌లో, ఒక క్రిమినల్ లాయరు ఆఫీసులో దాదాపు అదే పని చేస్తున్నాను. ఆయన డైరీలో వాయిదాలు రాసుకునేవారు. నేను ఆ వాయిదాల మధ్య గడిచిన రోజులు కూడా లెక్కగడతాను. ఇక్కడ ఆ లెక్క తప్పితే కేసే పోతుంది.

మన పిల్లలు మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది తాగి కారు నడిపిన కేసుల్లో. మొదటి వాయిదా వీడియోలో రెండు నిమిషాలకే అయిపోతుంది. "అక్కా, నన్నేమీ అడగనే లేదు, ఇంకో తేదీ ఇచ్చి పంపేశారు" అంటాడు కుర్రాడు. అడగరు మరి. పోలీసుల నోట్సు, వీడియోలు, శ్వాస పరీక్ష కాగితాలు ప్రాసిక్యూషన్ మాకు ఇవ్వాలి. నిందితుడికి పనికొచ్చే ఆధారాలను కూడా దాచకుండా ఇచ్చి తీరాలని సుప్రీంకోర్టు 1991లో స్టించ్‌కోంబ్ కేసులో చెప్పింది. అవన్నీ చేతికొచ్చేదాకా వాయిదాలే.

ఆ కుర్రాడి కేసు నడిచేది ఒంటారియో కోర్ట్ ఆఫ్ జస్టిస్‌లో. ఇది ప్రావిన్సు కోర్టు. జడ్జీలను ప్రావిన్సు ప్రభుత్వమే నియమిస్తుంది, జ్యూరీ ఉండదు. క్రిమినల్ కేసుల్లో చాలా భాగం ఇక్కడే మొదలై ఇక్కడే ముగుస్తాయి. హత్యలాంటివి పైనున్న సుపీరియర్ కోర్టుకు వెళ్తాయి. అక్కడి జడ్జీలను ఒట్టావాలోని కేంద్రం నియమిస్తుంది, కోర్టు నడిపే ఖర్చు మాత్రం ప్రావిన్సుదే. నేరచట్టం రాసేది కూడా కేంద్రమే. కొత్త నేరాలు ఒకరు రాస్తుంటే, వాటికి సరిపడా కోర్టు గదులు ఇంకొకరు కట్టించాలన్నమాట. ఆలస్యానికి సగం మూలం ఈ పంపకంలోనే ఉందని నాకనిపిస్తుంది.

1982 నాటి హక్కుల చార్టరులో 11-బి అనే క్లాజు ఉంది. అభియోగం మోపిన మనిషిని సమంజసమైన కాలంలో విచారించాలంటుంది. ఎంత కాలమో చెప్పదు. ఆ సంగతి తేల్చాల్సి వచ్చింది మా ఊరి కేసు మీదే. బెదిరించి డబ్బు గుంజే కుట్ర కేసులో 1983లో నలుగురిని అరెస్టు చేశారు. ట్రయల్‌కు ముందు ఆధారాలు చూసే ప్రాథమిక విచారణ 1984లో ముగిసింది. ట్రయల్‌కు 1985 అక్టోబరు తేదీ ఇచ్చారు. ఆ రోజు వచ్చింది, కోర్టుకు మాత్రం తీరిక లేదు. 1986 సెప్టెంబరుకు నెట్టారు. ఇదే ఆస్కోవ్ కేసు. 1990లో సుప్రీంకోర్టు దీన్ని పూర్తిగా నిలిపేసింది. గదులూ సిబ్బందీ చాలకపోవడం ప్రభుత్వ లోపమే, దాని ఫలితం నిందితుడు మోయనక్కర్లేదంది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండా ఒంటారియోలో 47,000కు పైగా అభియోగాలు ఆగిపోయాయి, లేదా ప్రాసిక్యూషనే వెనక్కి తీసుకుంది.

ఆ దెబ్బకు కోర్టు 1992లో మోరిన్ కేసులో కాస్త మెత్తబడి, ఆలస్యం వల్ల నిందితుడికి జరిగిన నష్టాన్ని కూడా చూడమంది. దాంతో లాయర్లు నెలలు పంచుకుని కొట్లాడటం మొదలైంది. ఈ మూడు నెలలు నీ ఖాతా, ఆ రెండు నా ఖాతా.

2016 జులైలో జోర్డాన్ తీర్పు ఆ తగువును తెంచింది. బ్రిటిష్ కొలంబియాలో ఒక మాదకద్రవ్యాల కేసు 49 నెలలు దాటి సాగింది. ప్రావిన్సు కోర్టులో 18 నెలలు, సుపీరియర్ కోర్టులో 30 నెలలు దాటితే ఆలస్యం అసమంజసమనే అనుకోవాలని, కాదనిపించుకునే బాధ్యత ప్రభుత్వానిదేనని సుప్రీంకోర్టు అంకెల్లో చెప్పేసింది. ఐదుగురు ఔనన్నారు, నలుగురు వద్దన్నారు. ఇలాంటి గడువులు గీయడం చట్టసభల పని కదా అన్నారు ఆ నలుగురు.

విచిత్రంగా మన సుప్రీంకోర్టుదీ ఆ నలుగురి మాటే. 1979లో బీహారు జైళ్లలో మగ్గుతున్న విచారణ ఖైదీల తరఫున వచ్చిన హుస్సేనారా ఖాతూన్ కేసులో, త్వరిత విచారణ రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగమేనంది. 2002లో రామచంద్రరావు కేసు విన్న ఏడుగురు జడ్జీలు మాత్రం, ఇన్నేళ్లు దాటితే కేసు కొట్టేయాలని కోర్టులు గడువు పెట్టడానికి వీల్లేదన్నారు. హక్కు ఉంది, గడియారం లేదు.

గడియారం ఉంటే వచ్చే బాధ చిన్నదేం కాదు. 2017లో మాంట్రియల్‌లో భార్యను చంపాడన్న అభియోగంతో దాదాపు ఐదేళ్లుగా జైల్లో ఉన్న వ్యక్తి మీద కేసు ట్రయల్ జరక్కుండానే ఆగిపోయింది. ఆ ఇంటివాళ్లకు ఏం చెప్తాం? అయినా నేను అంకెల పక్షమే. ఎంత ఆలస్యమైతే తప్పో ఎవరూ చెప్పని చోట, ఆలస్యానికి జవాబు చెప్పేవాళ్లూ ఉండరు. 2019లో పార్లమెంటు ప్రాథమిక విచారణను 14 ఏళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలకే పరిమితం చేసింది. జోర్డాన్ గడువు నెత్తిమీద లేకపోతే ఆ పాటి కదలిక వచ్చేదని నేననుకోను.

ఆఫీసుకొచ్చే కుర్రాళ్లకు ఒక్కటే చెప్తుంటాను. లెక్క అరెస్టు రోజు నుంచి కాదు, లాంఛనంగా అభియోగం నమోదైన రోజు నుంచి మొదలై ట్రయల్ ముగిసేదాకా నడుస్తుంది. మీరు లాయర్లను మార్చుకుంటూ, ఇచ్చిన తేదీ కుదరదంటూ పోగొట్టిన నెలలు అందులోంచి తీసేస్తారు. దూరపు తేదీ ఇచ్చేటప్పుడు జడ్జి గారు, "11-బి వదులుకుంటున్నారా?" అని లాయరును అడగొచ్చు. ఆ మాటకు ఔననే ముందు లాయరు మిమ్మల్ని అడగాలి. అడక్కపోతే మీరే అడగండి.