చలి వేకువలో డీజిలు బండి – హీటరు ప్లగ్గు సంగతి

పుష్యమాసపు చలి ఎట్లుండునో మన్యము రైతులకు చెప్పనక్కరలేదు. లంబసింగి చుట్టుపట్ల గ్రామములలోను, ఆదిలాబాదు ప్రాంతములోను వేకువజామున తొట్టి నీటిలో చేయి పెట్టుటకు జంకవలసి వచ్చును. కూరగాయలు, పాల క్యానులు ఎక్కించుకొని తెల్లవారకముందే బయలుదేరవలసిన డీజిలు బండి సరిగా ఆ వేళకే మొరాయించును. తాళము తిప్పగా సెల్ఫు తిరుగును, పొగగొట్టమునుండి తెల్లని పొగ వచ్చును, ఇంజను మాత్రము అందుకొనదు. పది సార్లు తిప్పునప్పటికి బ్యాటరీ నీరసించును. ఇక నలుగురిని కేకవేసి తోయించుకొనుటే గతి. ఇట్టి సందర్భములలో చాలమంది తప్పును బ్యాటరీ మీదనో, బంకువాని డీజిలు మీదనో వేయుదురు. తరచుగా అసలు లోపము ఇంజను హెడ్డులో బిగించియున్న పెన్సిలువంటి చిన్న కడ్డీలో ఉండును. పుస్తకములలో దీనిని గ్లో ప్లగ్గు అందురు. మన మెకానిక్కులు హీటరు ప్లగ్గు అందురు.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు స్పార్కు ప్లగ్గు ఉన్నది. డీజిలు ఇంజనులో అట్టిది లేదు. సైకిలుకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కుట అందరును ఎరిగినదే. డీజిలు ఇంజను నడుచునది ఆ సూత్రము మీదనే. పిస్టను పైకి వచ్చి గాలిని ఇంచుమించు 16 మొదలు 22వ వంతు వరకు నొక్కివేయును. ఆ నొక్కుడుకు గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటి వేడెక్కును. అప్పుడు నాజిలునుండి తుంపరగా పడిన డీజిలు తనంతట తానే అంటుకొనును.

రాత్రి అంతయు చలిలో నిలిచిన ఇంజనులో ఈ లెక్క తప్పును. చల్లబడిన ఇనుము గాలిలో పుట్టిన వేడిని పుట్టినట్లే మ్రింగివేయును. ఆయిలు చిక్కబడును, బ్యాటరీ బలము తగ్గును, అందుచేత సెల్ఫు మెల్లగా తిరుగును. మెల్లగా తిరిగినకొలది గాలి రింగుల ప్రక్కనుండి జారిపోవును. డీజిలు పడుచునే ఉండును కాని అంటుకొనదు. మనము చూచు తెల్లని పొగ ఆ కాలని డీజిలు ఆవిరియే. చాలని ఆ వేడిని మొదటి కొద్ది క్షణములకు అప్పుగా ఇచ్చుటయే హీటరు ప్లగ్గు పని.

ప్లగ్గు కట్టుబాటు నీళ్లు కాచుకొను హీటరు కడ్డీవంటిదే. ఉక్కు గొట్టములో తీగచుట్ట, దాని చుట్టును గట్టిగా దట్టించిన మెగ్నీషియం ఆక్సైడు పొడి ఉండును. కరెంటు పారగనే కొన ఎర్రగా కాగి 800 డిగ్రీలు దాటును. పాత రకములకు ఇందుకు 20 సెకండ్లు పైగా పట్టెడిది, నేటి రకములకు కొద్ది సెకండ్లు చాలును. 1936లో వచ్చిన మెర్సిడెస్ 260 డి అను డీజిలు కారులో కూడ ఈ ప్లగ్గులు ఉండెడివి. పాత డీజిలు కార్లలో ప్లగ్గు కాగువరకు ఆగవలసిన ఆ కొంతసేపటిని జర్మనులు వేళాకోళముగా రుడాల్ఫ్ డీజిలు సంస్మరణ నిమిషము అనెడివారు.

ఇంజనులన్నిటికిని దీని అవసరము ఒకటిగా ఉండదు. కొన్ని చిన్న బండ్లలో డీజిలు ముందుగా హెడ్డులోని ఒక చిన్న గదిలో పడి అక్కడ అంటుకొనును. ఆ గది గోడలు వేడిని ఎక్కువగా లాగుకొనును గనుక ఇట్టి ఇంజనుకు మన మామూలు ఉదయములలో కూడ ప్లగ్గు కావలెను. డీజిలు నేరుగా పిస్టను మీద పడు ఇంజను గట్టి చలి ఉన్ననే గాని దీనిని కోరదు. మన ట్రాక్టర్లు చాలవరకు ఈ రెండవ జాతివి. వాటిలో అనేకమునకు హీటరు ప్లగ్గే ఉండదు, కొన్నిటికి గాలి లోనికి పోవు దారిలో వేడిచేయు సాధనము ఉండును. చేతితో త్రిప్పు పంపుసెట్టు ఇంజనుకు ఒత్తిడి వదలు లీవరు ఉండును. లేని ప్లగ్గుకొరకు హెడ్డు అంతయు వెదకకుండ యజమాని పుస్తకము చూచుకొనుట మేలు.

ప్లగ్గు ఉన్న బండిలో తాళము మొదటి మెట్టుకు తిప్పగనే డ్యాషుబోర్డుమీద తీగచుట్ట ఆకారపు దీపము వెలుగును. అది ఆరువరకు ఆగి, ఆరిన వెంటనే సెల్ఫు కొట్టవలెను. ఆరిన తరువాత మాటలలో పడి నిలిచిపోయినచో వేడి దిగిపోవును. సెల్ఫును ఏకబిగిని పది సెకండ్లకు మించి త్రిప్పక, మధ్య అర నిమిషము విరామమీయవలెను. ఒక సంగతి మరువరాదు. పాత బండ్లలో ఆ దీపము కేవలము కాలమును కొలుచునది. అది వెలిగి ఆరినంత మాత్రమున ప్లగ్గులు కాగినవని నమ్మరాదు. 2020 ఏప్రిలునుండి అమలైన బి.ఎస్.6 బండ్లలో మాత్రము కంట్రోలు పెట్టె లోపమును పసికట్టి హెచ్చరిక దీపము వెలిగించును.

నాలుగింటిలో ఒక ప్లగ్గు పోయినచో బండి కదలును కాని మొదట కుదుపు, తెల్లపొగ ఉండి, కొంతసేపటికి సర్దుకొనును. రెండు పోయినచో బ్యాటరీ ప్రాణము తోడివేయును. ఇది మధ్యాహ్నపు ఎండలో బయటపడదు, చలి ఉదయముననే బయటపడును. అన్నియు ఒకేసారి చచ్చినట్లు తోచినచో ముందు ఫ్యూజు, రిలే, వైరు కొసల తుప్పు చూడవలెను. నాలుగు ప్లగ్గులు కలిసి మొదట 60 ఆంపియర్లు, అంతకు పైనను లాగునవి గనుక కొంచెము తుప్పు కూడ పెద్ద అడ్డమగును.

పరీక్ష సులువే. ప్లగ్గులన్నిటిని కలుపు పట్టీని మొదట ఊడదీయవలెను. అది తీయకున్న మంచి ప్లగ్గు చచ్చినదాని తప్పును కప్పివేయును. 12 వోల్టుల టెస్టు ల్యాంపు వైరు ఒకటి బ్యాటరీ పాజిటివుకు తగిలించి, రెండవది ఒక్కొక్క ప్లగ్గు తలకు తాకించవలెను. ల్యాంపు వెలిగిన తీగచుట్ట తెగలేదన్నమాట, వెలగనిది తెగిపోయినది. కొత్త బండ్లలో 12 వోల్టులకన్న తక్కువ వోల్టుల ప్లగ్గులు కూడ ఉన్నవి. వాటికి బ్యాటరీ వైరు నేరుగా తగిలించినచో చూచుచుండగనే కాలిపోవును.

బండి పలుకనప్పుడు కొందరు గాలి ఫిల్టరువద్ద ఈథరు స్ప్రే కొట్టుదురు, పెట్రోలు గుడ్డ పెట్టుదురు. కాగిన ప్లగ్గు ఉన్న ఇంజనులో ఇది ప్రాణాపాయము. పిస్టను పైకి రాకముందే ఆ ఆవిరి ప్లగ్గుకొనకు తగిలి ప్రేలును. రింగులు విరుగును, కనెక్టింగు రాడ్డు వంగును, మంట గాలిగొట్టము గుండ వెనుకకు వచ్చి ముందు నిలిచినవాని ముఖము కాల్చును. మండుచున్న గుడ్డను గొట్టమువద్ద పట్టుట కూడ ఇట్టిదే, కాగితపు ఫిల్టరు అంటుకొన్నచో నిప్పు ఇంజనులోనికే పోవును. ఒక పూట కూరగాయల బేరము పోయినను సరే, ఈ పని చేయకూడదు.

ప్లగ్గు మార్చునప్పుడు తొందర పనికిరాదు. ఏండ్ల తరబడి మసి పట్టి బిగిసిన ప్లగ్గు బలవంతము చేసిన విరుగును, విరిగిన ముక్కకొరకు హెడ్డు దించవలసి వచ్చును. తుప్పు వదలించు ఆయిలు ముందు రాత్రి పోసి, ఇంజను వేడిగా ఉన్నప్పుడు చిన్న పానాతో కొంచెము వదులు చేయుచు, కొంచెము బిగించుచు తీయవలెను. కొత్తది అదే నెంబరుదై ఉండవలెను, పొడవు ఎక్కువైన కొన నాజిలు ధారకు అడ్డు వచ్చును. తీసిన ప్లగ్గు కొన కరగియో, చిట్లియో కనబడినచో ఆ సిలిండరు నాజిలును కూడ పంపు షాపులో పరీక్ష చేయించవలెను. తుంపరగా పడవలసిన డీజిలు ధారగా పడుచుండిన ఎన్ని ప్లగ్గులు మార్చినను అక్కడ నిలువవు.