అరవై దాటిన గొంతుకి ఎవరు తలుపు మూశారు?

మొన్న చీరలు తీసుకుందామని ధర్మవరం వెళ్ళి, పనిలో పనిగా వరసకి పెద్దమ్మ అయ్యే ఒకావిడ ఇంటికీ వెళ్ళాను. మగ్గం మీదే బతికిన ఇల్లు. నా చిన్నప్పుడు ఆ వీధిలో ఏ పేరంటమైనా ఆవిడ పాట లేకుండా ముగిసేది కాదు. సీమంతమైతే ఒక పాట, ఉయ్యాలలో బిడ్డను వేస్తే ఒక పాట, అప్పగింతలకి అందర్నీ ఏడిపించే పాట ఇంకొకటి. ఒక్కటీ పుస్తకంలో చూసి నేర్చుకున్నది కాదు.

"పెద్దమ్మా, ఒక్క పాట పాడవూ!" అన్నాను.

"ఇంగ యాడ పాడేదమ్మా! అరవై రెండేండ్లొచ్చె. గొంతు బొంగురు పోయింది. పిల్లోళ్ళు నవ్వుతారు" అనేసింది.

నవ్వుతూనే అంది గానీ, ఆ మాట నన్ను హిందూపురం దాకా వదల్లేదు. ఆడదాని గొంతుకి రిటైర్మెంట్ వయసు ఎవరు పెట్టారు? ఉద్యోగానికైతే ఒక కాగితం వస్తుంది. పాటకి ఏ కాగితమూ రాదు. ఎవరో ఒకరు నవ్వుతారు, అంతే. మనమే తలుపు మూసేసుకుంటాం.

అరవై మూడులో అయిదు రికార్డులు

ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం వినని తెలుగిల్లు ఉండదు. ఆ రికార్డు 1963లో వచ్చింది. విష్ణు సహస్రనామం 1970లో. ఆవిడ పుట్టింది 1916లో. అంటే మనం రోజూ పొద్దున్నే వినే ఆ గొంతు నలభై ఏడేళ్ళ, యాభై నాలుగేళ్ళ ఇల్లాలిది. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది.

1970ల చివర్లో ఆ దంపతులకి గట్టి ఆర్థిక ఇబ్బందులు వచ్చాయి. మద్రాసులో వాళ్ళుండే పెద్ద ఇల్లు కల్కి గార్డెన్స్ అమ్ముకోవాల్సి వచ్చింది. కచేరీల డబ్బు ధర్మకార్యాలకి ధారపోసిన మనుషులు ఒకరి ముందు చెయ్యి చాపగలరా? ఊరికే ఇస్తామంటే పుచ్చుకుంటారా? అప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానం ఒక మంచి దారి చూసింది. సాయం అనకుండా, స్వామి పాటలు రికార్డు చేసిపెట్టమని పని అప్పగించింది. అప్పటి కార్యనిర్వహణాధికారి పి.వి.ఆర్.కె. ప్రసాద్ తన జ్ఞాపకాల్లో ఈ సంగతి రాశారు.

అలా వచ్చిందే 'బాలాజీ పంచరత్నమాల'. ఒకటీ రెండూ కాదు, అయిదు ఎల్.పి. రికార్డులు. ఒక్కో రికార్డుకి రెండు వైపులు, ఒక్కో వైపూ సుమారు ఇరవై నిమిషాలు. లెక్కేసుకోండి, ఎంత పాటో! అన్నమయ్య కీర్తనలు, సంస్కృత స్తోత్రాలు. ఆవిడ మాతృభాష తమిళం. అయినా నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు కట్టిన వరుసల్ని శ్రద్ధగా నేర్చుకుని, తెలుగు మాట ఎక్కడా నలగకుండా పాడారు. అప్పటికి ఆవిడకి అరవై మూడేళ్ళు.

ఆ రికార్డుల్లో పడుచు గొంతు మెరుపులు వెతికితే తక్కువే దొరకొచ్చు. కానీ 'నానాటి బతుకు' ఆ గొంతులో వినండి. ఇల్లు అమ్ముకున్న మనిషి పాడుతోందని తెలిశాక వింటే ఆ నెమ్మది వేరేగా వినిపిస్తుంది. ఇరవై ఏళ్ళప్పుడు పాడి ఉంటే అది రాదు కదూ?

పెనుకొండ దాటుతుంటే...

ధర్మవరం నుంచి హిందూపురం వచ్చే రైలు పెనుకొండ మీదుగా వస్తుంది. కొండ, కోట కనబడగానే నాకు అన్నమయ్య గుర్తొస్తాడు. పెనుకొండలో ఏలిన సాళువ నరసింహరాయుడు ఆయన్ని పిలిపించుకుని, తన మీదా పదాలు చెప్పమన్నాడట. చెప్పనన్నందుకు సంకెళ్ళు వేయించాడని తాళ్ళపాక వారి కథ. ఆయన పాటలు రాగిరేకుల మీదికెక్కి, తిరుమల గుళ్ళో శతాబ్దాలు చీకట్లో ఉండిపోయాయి.

వెలుగులోకి వచ్చాక వాటిలో నూరుకు పైగా పాటలకి స్వరాలు కట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు మన అనంతపురం జిల్లా మనిషే. పుట్టింది 1893లో. మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు చెప్పి, రిటైరయ్యాకే తిరుపతి వెళ్ళి ఈ పని అందుకున్నారు. ఆయన కూడా "ఇంగ యాడ!" అనుకుని ఉంటే?

మన ఘంటసాల గారి భగవద్గీత సంగతీ అంతే. వేల సినిమా పాటలు పాడిన మనిషి, ఒంట్లో బాగాలేకపోయినా చివరి రోజుల్లో పట్టుబట్టి చేసిన పని అది. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయారు. ఊళ్ళో మైకులో గీత వినబడితే, "ఎవరింట్లోనో..." అని మనం ఇప్పటికీ చేస్తున్న పని ఆపేస్తాం.

నర్సమ్మ పాట

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో ఆల్బర్టా హంటర్ అని బ్లూస్ పాటలు పాడే నల్లజాతి గాయని ఉండేది. 1895లో పుట్టింది. 1920లలోనే ఆవిడ రికార్డులు వచ్చాయి. తల్లి పోయాక పాట మానేసి, వయసు పన్నెండేళ్ళు తగ్గించి చెప్పి నర్సు ఉద్యోగంలో చేరింది. న్యూయార్క్‌లో ఇరవై ఏళ్ళు రోగులకి సేవ చేసింది. 1977లో "మీకు డెబ్భై నిండాయి, ఇక చాలు" అని ఆసుపత్రి వాళ్ళు ఇంటికి పంపేశారు. నిజానికి అప్పటికి ఎనభై రెండు! ఆ ఏడాదే మళ్ళీ పాటకొచ్చింది. 1980లో 'ఆమ్‌ట్రాక్ బ్లూస్' అని కొత్త ఆల్బమ్ ఇచ్చింది. ఇక్కడ ఎమ్మెస్ తిరుపతి స్వామికి పాడిన రోజులూ అవే.

పాడడం ఎంత గౌరవమో, మానేయడమూ అంతే. ఎస్.జానకి గారు 2016లో తానే ఇక చాలన్నారు. భర్త సదాశివం గారు 1997లో పోయాక ఎమ్మెస్ కచేరీలు మానేశారు. అది వాళ్ళు వాళ్ళుగా తీసుకున్న నిర్ణయం. ఎవరో నవ్వుతారని కాదు.

గొంతు ఎందుకు మారుతుంది?

వయసుతో స్వరతంత్రుల బిగువు తగ్గుతుంది, ఊపిరి పొట్టిదవుతుంది. ముట్లాగిన తర్వాత హార్మోన్ల మార్పుతో ఆడవాళ్ళ గొంతు కొంచెం బరువెక్కి కిందికి దిగుతుంది. ఇది జబ్బు కాదు. చేయాల్సింది ఇంతే:

• పాత శ్రుతి కోసం పోట్లాడకండి. తగ్గించుకుని పాడండి.

• పెద్ద చరణాన్ని ఒక్క ఊపిరిలో లాగకుండా రెండు మూడుగా విడగొట్టుకోండి.

• పొద్దున్నే పది నిమిషాలు మెల్లగా కూనిరాగం తీయండి. మంచినీళ్ళు బాగా తాగండి.

• బొంగురు మూడు వారాలైనా పోకపోతే మాత్రం గొంతు డాక్టరుకి చూపించండి.

మళ్ళీ ధర్మవరం

పోయిన ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి పాడమని అడగలేదు. "పెద్దమ్మా, ఉయ్యాల పాట నాకు సగమే గుర్తుంది, మిగతాది చెప్పు" అన్నాను. మొదట మాటలు చెప్పింది. వరుస లేకుండా మాటలు రావడం లేదని తానే రాగం అందుకుంది. గొంతు కింది స్థాయిలో ఉంది, మధ్యలో రెండుసార్లు ఆగింది. నా ఫోన్‌లో రికార్డు చేశాను.

వంటింట్లోంచి కోడలు వచ్చి గడప దగ్గర నిలబడింది. నవ్వలేదు. ఆ అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. "అక్కా, అది నాకూ పంపించు" అంది నాతో.

"ఫోన్‌లోది ఎందుకే, నేను లేనా!" అంది పెద్దమ్మ.

మీ ఇంట్లోనూ ఇలా తలుపేసుకున్న గొంతు ఒకటి ఉండే ఉంటుంది. అత్తగారో, అమ్మో, అవ్వో. ఈ ఆదివారం ఆవిడ పక్కన కూర్చుని ఒక పాట అడగండి. అది మీ గొంతే అయితే, ఎవరూ అడిగేదాకా ఆగకండి.