క్రొత్త ట్రాక్టరు: లాగుటకు ముందు నిలుపుట నేర్వవలెను

సంతలో ఎద్దుల జతను కొని తెచ్చిన రైతు ఆనాడే వానిని నిండు బండికి కట్టడు. మొదట ఉత్త బండికి కట్టి, ఏది దాపటికి తగునో, ఏది వలపటికి తగునో, ఏది బెదరునో కనిపెట్టి, పిదపనే బరువు వేయును. ఆ రైతే క్రొత్త ట్రాక్టరు వచ్చిన మరునాడే ట్రక్కు నిండ ధాన్యమెత్తి రోడ్డెక్కించుచున్నాడు. ఎద్దులయెడ చూపిన యోర్పు యంత్రముయెడ నేల చూపరాదు?

ఒక్క లెక్క వేసి చూడుడు. 75 కిలోల బస్తాలు 40 వేసినచో 3,000 కిలోలగును. ట్రక్కు బరువు దీనికి వేరు. 45 గుఱ్ఱపుబలముల ట్రాక్టరు సుమారు 2,000 కిలోలు మాత్రమే తూగును. అనగా లాగునదానికంటె లాగబడునదే బరువు. ట్రక్కునకు బ్రేకులు లేనిచో, ఈ మొత్తమును నిలుపవలసిన భారము ట్రాక్టరు వెనుకచక్రముల బ్రేకులపైననే పడును. వేగము రెట్టింపైనచో బండి ఆగుటకు బ్రేకు పట్టిన పిదప నాలుగు రెట్లు దూరము కావలయును. ఇంజను శక్తి లాగుటకే గాని నిలుపుటకు గాదని సోదరులు గుర్తెరుగవలయును.

ట్రాక్టరునకు కుడి యెడమ చక్రములకు వేర్వేరు బ్రేకు పెడళ్లుండును. దుక్కిలో మలుపు తిరుగుటకు ఒకదానిని మాత్రమే త్రొక్కుట కలదు. రోడ్డుపై నట్లు త్రొక్కినచో బండి ఒక ప్రక్కకు లాగి బోల్తాపడును. కావున పొలము దాటకముందే రెంటిని కలుపు కొక్కెమును తప్పక వేయవలయును.

బరువును ఎక్కడ తగిలించితిమనునది రెండవ విషయము. 1917 నుండి అమెరికాలో విరివిగా తయారైన ఫోర్డుసన్ ట్రాక్టర్లు, నాగలి రాతికి తగిలినప్పుడు ముందుచక్రములు లేచి వెనుకకు తిరుగబడి, తోలువారిని చంపిన సందర్భములు గలవు. నేడు సైతము వెనుక ఇరుసుకంటె ఎత్తున గొలుసు కట్టి లాగినచో ఇదే అపాయము. బురదలో దిగబడిన బండిని తీయునప్పుడు దీనిని మరువరాదు.

బస్తాలు సర్దుటలో మన బండివాని యనుభవమే మేలు. బండిలో వెనుకబరువు హెచ్చినచో కాడి పైకి లేచును. ముందుబరువు హెచ్చినచో ఎద్దుల మెడలు క్రుంగును. రెండు చక్రముల ట్రక్కును నిట్లే. వెనుకబరువైనచో ట్రాక్టరు వెనుకచక్రములకు నేలపట్టు తగ్గి బ్రేకులు పనిచేయవు. ముందుబరువు మితిమీరినచో ముందుచక్రములు తేలి స్టీరింగు మాట వినదు. బరువు ఇరుసునకు కొంచెము ముందుగా నుండుట క్షేమము.

కాలువగట్టు దిగుటకు ముందే, పైననే నిలిపి తక్కువ గేరు వేయవలయును. దిగునప్పుడు క్లచ్చి త్రొక్కరాదు, న్యూట్రలు చేయరాదు. అట్లు చేసినచో ఇంజను పట్టు వదలి, వెనుక ట్రక్కు ట్రాక్టరును త్రోసి అడ్డము తిప్పును. డీజిలు ఆదా యగునను నాశతో ప్రాణమును పణమొడ్డరాదు.

నిత్యము ఉదయము చదును నేలపై నూనెమట్టము, చల్లని ఇంజనులో నీటిమట్టము, టైర్ల గాలి, చక్రముల బోల్టులు చూడవలయును. తొలి సర్వీసు గడువు ట్రాక్టరుతో నిచ్చిన పుస్తకములో నుండును, దానిని దాటనీయరాదు.

మొదటి వారము ఖాళీ ట్రక్కుతో బీడులో తిరుగుడు. వెనుకకు నడుపుటయు, మెల్లగా నిలుపుటయు అభ్యసింపుడు. తరువాత సగము బరువు, ఆ పిమ్మట నిండుబరువు. ట్రక్కు వెనుక ఎఱ్ఱని రిఫ్లెక్టర్లు లేక రాత్రివేళ రోడ్డెక్కరాదు. ట్రాక్టరునకు ట్రక్కునకు నడుమ ఇనుపకమ్మిపై పిల్లలను నిలువనీయరాదు. అచట కాలు జారినచో చక్రము క్రిందనే పడుదురు.

ట్రాక్టరు అప్పు పంటలపై తీరును. పోయిన ప్రాణమునకు వాయిదా లేదు. కావున ఈ వారము ధాన్యము ఇంటికి చేరుట ఒకపూట యాలస్యమైనను చింతిల్లక, ముందు బండిని తెలిసికొనుడు.