పులికాట్ వంటిల్లు, నేలపట్టు పురిటిల్లు



శీతాకాలం సెలవులకి ఇండియా వెళ్ళే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. టిక్కెట్లు కొన్న రోజే జాబితా మొదలవుతుంది. తిరుపతి దర్శనం, మేనమామగారి ఇంట్లో పెళ్ళి, పట్టుచీరలు, పళ్ళ డాక్టరు. ఆ జాబితాలో ఒక రోజు, వీలైతే ఒకటిన్నర రోజు, పులికాట్ సరస్సుకి ఉంచుకోమని అడగడానికే ఇవాళ మీ ముందుకి వచ్చాను.

నాకీ ఆలోచన పుట్టింది దుబాయిలో. మేముండేది అక్కడే. క్రీక్ చివర, చుట్టూ పెద్ద పెద్ద భవనాల మధ్య, రాస్ అల్ ఖోర్ అని ఒక పక్షుల చోటుంది. చెక్క గదుల్లో నిలబడి చూస్తే ఎదురుగా వందల ఫ్లెమింగోలు. ఒకరోజు మా అమ్మాయి అడిగింది, "నాన్నా, ఇవి మన ఊళ్ళో కూడా ఉంటాయా?" అని. ఉంటాయమ్మా, ఇదే జాతి అన్నాను. అన్నాక సిగ్గేసింది. నెల్లూరులో పుట్టి, మద్రాసు వెళ్తూ వస్తూ సూళ్ళూరుపేట మీదుగా ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఒక్కసారీ దిగి చూసిన పాపాన పోలేదు.

ఆ ఏడు సెలవుల్లో దిగాం. అక్కడ తెలుసుకున్నవీ, తిరిగొచ్చాక చదువుకున్నవీ చెబుతాను.

మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, కొంత తమిళనాడులో ఉంది. దీనికీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగోడలా ఉన్న దీవే శ్రీహరికోట. కాళంగి, ఆరణి లాంటి ఏర్లు మంచినీళ్ళు తెస్తాయి, ముఖద్వారాల గుండా సముద్రం ఉప్పునీళ్ళు పంపిస్తుంది. రెండూ కలిసిన ఆ లోతులేని నీళ్ళలో రొయ్యలు, చేపపిల్లలు, నాచు బాగా పెరుగుతాయి. పక్షులు వచ్చేది ఆ తిండి కోసమే.

ఫ్లెమింగో తినే తీరు చూసి తీరాలి. తల తలకిందులుగా నీళ్ళలో ముంచుతుంది. నాలుకతో నీళ్ళు లోపలికి లాగి బయటికి తోస్తూ, ముక్కు అంచుల్లో దువ్వెన పళ్ళలా ఉండే వాటితో వడగడుతుంది. మనం టీ వడగట్టినట్టే. ఆ తిండిలో ఉండే రంగు పదార్థమే దాని ఈకలకి గులాబిరంగు ఇస్తుంది. పిల్లలు పుట్టినప్పుడు బూడిద రంగులోనే ఉంటాయి, గులాబిరంగు తేలడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అయితే వీటి గూళ్ళు పులికాట్‌లో ఉండవు. మన దేశంలో ఇవి పిల్లల్ని చేసేది ముఖ్యంగా గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. పులికాట్‌కి వచ్చేది భోజనానికి.

పెలికాన్ సంగతి వేరు. మనవాళ్ళు గూడబాతు అంటారు. ఇది గూడు కట్టేది సూళ్ళూరుపేటకి ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువులో. 1976లో దాన్ని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. చెరువులో నీళ్ళ మధ్య నిలబడే కడప చెట్ల మీద గూళ్ళుంటాయి. కింద నీళ్ళుంటే నక్కా కుక్కా దగ్గరికి రాలేవు. గూడబాతులు పులికాట్‌కి ఎగిరి వెళ్ళి, ముక్కు కింది సంచితో వల వేసినట్టు చేపలు పట్టి, తిరిగొచ్చి పిల్లలకి పెడతాయి. పిల్ల తల్లి గొంతులోకి తల దూర్చి తింటుంది. మా అమ్మాయి మొదట భయపడింది, తర్వాత అరగంట కదల్లేదు. నత్తగుల్లకొంగలు, నీటికాకులు కూడా అక్కడే గూళ్ళు పెడతాయి. వీటి రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలాలకి ఎరువు కాబట్టి, పక్షులొస్తే ఊరికి మంచిదని అక్కడి రైతుల నమ్మకం.

అంటే పులికాట్ వంటిల్లు, నేలపట్టు పురిటిల్లు. రెండూ ఒకే ఇల్లు. ఒకటి చూసి రెండోది వదిలేస్తే సగమే చూసినట్టు.

ఇక వెళ్ళే సంగతి. చెన్నైలో దిగేవాళ్ళకి సూళ్ళూరుపేట రెండు గంటల దారి, రైళ్ళు కూడా ఉన్నాయి. అక్కణ్ణించి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. దీవిలోకి అనుమతి లేకుండా పోనివ్వరు, కానీ పక్షులు రోడ్డుకి రెండువైపులా కనిపిస్తాయి. రోడ్డు తూర్పు పడమరలుగా ఉంది, చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. కాబట్టి ఉత్తరం వైపు చూడండి, ఎండ మీ వీపు మీద పడి పక్షుల రంగు బాగా తెలుస్తుంది. పొద్దున్నే వెళ్ళండి. 8×42 బైనాక్యులర్స్ ఒక్కటి చాలు. అందులో 8 అంటే ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపించడం, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పడవ ఎక్కాలనుకుంటే తడ దగ్గర భీములవారిపాళెం వెళ్ళండి.

డిసెంబరులో వానలు గట్టిగా పడితే సరస్సు నిండిపోయి ఫ్లెమింగోలకి కాళ్ళు అందవు. నీళ్ళు కాస్త తీశాక, జనవరి ఫిబ్రవరుల్లో బాగుంటుంది. సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండగ కూడా చేస్తారు. కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. పండగ సరదాగా ఉంటుంది, కానీ పక్షుల కోసమైతే జనం లేని రోజు మేలు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. ఫోటో బాగా రావాలని నేను రోడ్డు దిగి బురదలో నడిచాను. పిక్కల దాకా కూరుకుపోయాను. ఇంకో పది అడుగులు వేసేసరికి గుంపంతా లేచిపోయింది. ఎర్రటి రెక్కలు చూసి మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న పెద్దాయన మాత్రం తలెత్తి అన్నాడు, "ఏం అబ్బయా, నోటికాడ కూడు లాగేస్తే ఎట్టా?"

"తప్పయింది పెద్దాయనా" అన్నాను. దుబాయిలో చెక్క గది దాటి అడుగు బయట పెట్టని నేను, సొంత ఊళ్ళో ఆ మర్యాద మరిచిపోయాను. అంత దూరం ఎగిరొచ్చి ఒళ్ళు నింపుకునే పక్షిని ఊరికే లేపితే, తిన్నది కాస్తా ఆ ఎగరడానికే ఖర్చవుతుంది.

ఆ పెద్దాయనే ఇంకో మాట చెప్పాడు. రాయదొరువు లాంటి ముఖద్వారాలు ఇసకతో పూడిపోతుంటే సముద్రపు నీళ్ళు రావు. నీళ్ళు రాకపోతే చేపలూ రొయ్యలూ రావు. "అప్పుడు మాకూ లేదు, వాటికీ లేదు" అన్నాడు. వంటింట్లో పొయ్యి వెలక్కపోతే పురిటింట్లో పిల్లలు పస్తులే కదా.

అందుకని వెళ్ళండి. పిల్లల్ని తీసుకెళ్ళండి. కారు హారన్ కొట్టకుండా, రోడ్డు దిగకుండా, తెచ్చుకున్న ప్లాస్టిక్ మళ్ళీ మీతోనే తీసుకుపోతూ చూడండి. మన ఊరే అయినా, ఆ నీళ్ళ దగ్గర మనం చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళం. ఇంటివాళ్ళు భోజనం దగ్గరున్నప్పుడు గుమ్మంలో కాసేపు ఆగడం మనకి తెలియని మర్యాదేం కాదు.