మైనం: స్వరూపం, వినియోగం – ఆదిలాబాద్ డోక్రా పోతకళ

కీలక పదాలు: మైనం, తేనెపట్టు, మధూచ్ఛిష్ట విధానం, డోక్రా, లోహపు పోత.

1. ప్రవేశిక:

తేనె పిండగా మిగిలిన పట్టును వేడినీటిలో కరిగించి వడగడితే లభించే పదార్థం మైనం. సంస్కృతంలో దీనిని 'మధూచ్ఛిష్టం' అంటారు. తేనె తీయగా మిగిలినది అని దీని అర్థం. మిగులుగా పేరుపడిన ఈ పదార్థమే లోహశిల్పానికి తొలిరూపం కావడం విశేషం. మైనం స్వభావాన్ని, దానిపై ఆధారపడిన ఆదిలాబాద్ డోక్రా కళను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మైనం స్వరూపం:

కూలి ఈగల ఉదరం అడుగుభాగంలో నాలుగు జతల మైనపు గ్రంథులు ఉంటాయి. వాటి నుండి పలుచని పొలుసులుగా వెలువడిన మైనాన్ని ఈగలు నమిలి, మెత్తబరచి, షడ్భుజాకారపు గదులను నిర్మిస్తాయి. రసాయనికంగా మైనంలో ప్రధానభాగం కొవ్వు ఆమ్లాలు, పొడవైన గొలుసు గల ఆల్కహాళ్లతో కలిసి ఏర్పడిన ఎస్టర్లు. కొవ్వులో ఆ ఆల్కహాల్ స్థానంలో గ్లిసరాల్ ఉంటుంది. కొవ్వుకు, మైనానికి ఉన్న భేదం ఇదే. 'కొవ్వొత్తి' అనే పదం జంతువుల కొవ్వుతో వత్తులు చేసిన కాలాన్ని గుర్తుచేస్తుంది. నేటి కొవ్వొత్తులు ఎక్కువగా పెట్రోలియం నుండి లభించే పారఫిన్‌తో తయారవుతున్నాయి.

తేనెమైనం నీటిలో కరగదు. చేతివేడికి మెత్తబడుతుంది. సుమారు 62–64 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవంగా మారుతుంది. ఈ మూడు గుణాలే దానిని శిల్పి చేతికి అందించాయి.

3. మధూచ్ఛిష్ట విధానం:

మైనంతో రూపాన్ని తీర్చి, దానిపై మట్టి పొదిగి, వేడితో మైనాన్ని తొలగించి, ఆ ఖాళీలో లోహం పోయడాన్ని మధూచ్ఛిష్ట విధానం అంటారు. మొహెంజొదారోలో లభించిన సుమారు 10.5 సెంటీమీటర్ల నర్తకి కంచుప్రతిమ ఈ పద్ధతిలో రూపొందినదే. 12వ శతాబ్దపు పశ్చిమ చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు తన 'మానసోల్లాసం'లో ఈ విధానాన్ని వర్ణించాడు. మైనపు బరువును బట్టి లోహపు పరిమాణాన్ని నిర్ణయించడం ఇందులో ముఖ్యమైన అంశం. ఇత్తడి సాంద్రత మైనపు సాంద్రతకు దాదాపు తొమ్మిది రెట్లు. కనుక ఒక పాలు మైనం విడిచిన చోటు నిండడానికి తొమ్మిది పాళ్ల ఇత్తడి కావాలి. లోహం చాలకపోతే ప్రతిమ అసంపూర్ణమవుతుంది. మైనం అప్పటికే కరిగిపోయి ఉంటుంది కాబట్టి శిల్పి మొదటినుండి పని ప్రారంభించవలసిందే.

4. ఆదిలాబాద్ డోక్రా:

తెలంగాణలోని ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఓజ కళాకారులు ఈ కళను తరతరాలుగా కొనసాగిస్తున్నారు. జైనూర్ మండలంలోని ఉషేగాం దీనికి ప్రసిద్ధి. గోండుల దేవతామూర్తులు, గంటలు, ఆభరణాలు వీరి చేతుల్లో రూపుదిద్దుకుంటాయి. ఈ కళకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ముందుగా మట్టితో లోపలి ముద్దను చేసి ఆరబెడతారు. మైనాన్ని సన్నని తీగలుగా సాగదీసి ఆ ముద్దపై చుడతారు. డోక్రా వస్తువులపై కనిపించే తీగల అల్లిక ఈ మైనపు తీగల ముద్రే. దానిపై మొదట మెత్తని మట్టిని, తరువాత గరుకు మట్టిని పూసి, లోహం పోయడానికి దారి విడిచిపెడతారు. కాల్చినప్పుడు మైనం వెలుపలికి పోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోసి, చల్లారిన తరువాత మట్టిని పగలగొడతారు. మూస మిగలదు కనుక ఏ రెండు వస్తువులూ అచ్చంగా ఒకేలా ఉండవు.

5. మైనం – అడవి – జీవనోపాధి:

పోతశిల్పంలో నేడు పారఫిన్‌ను కూడా కలుపుతారు. అయితే తేనెమైనంతో పోలిస్తే పారఫిన్ పెళుసు. సన్నని తీగగా సాగి, వంపు తిరిగినా విరగని గుణం తేనెమైనానికే ఎక్కువ. కనుక మైనం మారితే వస్తువు పైనున్న అల్లిక నాణ్యత కూడా మారే అవకాశముంది. మరోవైపు, అడవిలో పట్టును మొత్తంగా కోస్తే పిల్ల ఈగలు నశిస్తాయి. తేనె ఉన్న భాగాన్ని మాత్రమే కోసి, పిల్లల గదులను వదిలితే ఈగల సమూహం నిలుస్తుంది. మైనం లభ్యత కూడా కొనసాగుతుంది.

6. ముగింపు:

పూర్తయిన ప్రతిమలో మైనం కనిపించదు. కానీ అందులోని ప్రతి గీత మైనం మోసి ఇచ్చినదే. అందువల్ల డోక్రా పరిరక్షణ అంటే వస్తువుకు గుర్తింపు ఇవ్వడం మాత్రమే కాదు. కళాకారుడి నైపుణ్యంతో పాటు, ఆ నైపుణ్యానికి ఆధారమైన తేనెపట్టును కూడా కాపాడుకోవడమే నిజమైన పరిరక్షణ అవుతుంది.